ఇంటిపేరు మారిన ఆటగాళ్లు

దీపాలు పెట్టే వేళకి మా ఇంట్లో టీవీ దగ్గర తగవు మొదలవుతుంది. సీరియల్ గురించి కాదు సుమండీ, చెడుగుడు గురించి! నేను తెలుగు టైటాన్స్ పక్షం. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవులకి కంబదూరు వచ్చే మా మేనల్లుడు బెంగుళూరు బుల్స్ పక్షం.

"ఏందత్తా, ఆ టీములో తెలుగోళ్లు ఎంతమంది ఉండారని నీకింత అభిమానం? అంతా హర్యానా వాళ్లూ, యూపీ వాళ్లూనాయె!" అంటాడు.

"నీ బుల్స్‌లో మాత్రం కన్నడం వాళ్లు ఎంతమంది ఉండారప్పా?" అంటాను నేనూ తగ్గకుండా.

పైకి అన్నానేగానీ, వాడి మాట బొత్తిగా తోసిపారేసేది కాదు. కంబదూరెక్కడ, విశాఖపట్నమెక్కడ? హైదరాబాదు మాత్రం దగ్గరా ఏం? పెద్దాసుపత్రికైనా, పెళ్లిచీరలకైనా మా వాళ్లు ఎక్కేది బెంగుళూరు బస్సే. వాన మొహం చాటేసి శెనక్కాయ పంట చేతికి రాని ఏడు, ఇళ్లకు తాళాలు వేసి కూలికి పోయేదీ ఆ దోవనే. మరి మాకు ఏ జట్టు "మనది" అవుతుంది? దారి దగ్గరైనదా, భాష కలిసినదా?

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండా, జూలై 26న ప్రో కబడ్డీ లీగ్ మొదలయింది. మొత్తం ఎనిమిది జట్లు. జైపూరు, పాట్నా, ఢిల్లీ, పుణె, బెంగాల్ అంటూ తక్కినవాటికి ఊరి పేరో, రాష్ట్రం పేరో ఉంటే, మన జట్టు ఒక్కదానికే భాష పేరు. మొదటి ఏడు సొంతగడ్డ విశాఖపట్నం, మరుసటేడు హైదరాబాదు. పెట్టిన వాళ్లు వ్యాపారం లెక్కలే చూసుకున్నారో ఏమోగానీ, ఇల్లూ వాకిలీ పంచుకున్న అన్నదమ్ములు తల్లి పేరొక్కటీ పంచలేక ఉమ్మడిగా ఉంచుకున్నట్టు నాకు తోచింది. నా పక్షపాతం అక్కడ మొదలయిందన్నమాట.

ఈ ఫ్రాంచైజీ పద్ధతి మనది కాదు లెండి, అమెరికా వాళ్లది. లీగు వాళ్లు ఒక ప్రాంతం పేరు మీద జట్టు నడుపుకునే హక్కు అమ్ముతారు. కొన్నాయన వేలంపాటలో ఆటగాళ్లను తెచ్చుకుంటాడు. అక్కడ బాస్కెట్‌బాల్‌లో "లేకర్స్" అని పేరుమోసిన జట్టు ఒకటుంది. 1947లో మినియాపొలిస్‌లో పుట్టింది. ఆ రాష్ట్రాన్ని పదివేల సరస్సుల సీమ అంటారు గనుక ఆ పేరు. 1960లో యజమాని దాన్ని లాస్ ఏంజెలస్‌కి తరలించాడు. అక్కడ ఆ సరస్సులేవీ లేవు, అయినా పేరు మాత్రం అదే ఉండిపోయింది! మా వైపు చెరువుల సంగతీ ఇంతే. పేర్లు భద్రంగా ఉంటాయి, నీళ్లే ఉండవు. చెరువు ఎండినా "చెరువు కట్ట మీదికి పోయొస్తా" అనే అంటాం కదా. పేరంటే అంతటి మొండిది.

మనలో మాట, ఆటగాళ్లు జట్లు మారితే మగవాళ్లు వింతగా చూస్తారుగానీ మనకి ఇందులో వింతేముంది? నిన్నటిదాకా ఒక ఇంటిపేరు, ఇవాళ మరొకటి. ఎక్కడో పుట్టి, ఇంకో ఇంటి గెలుపోటములు మనవే అనుకుని మోయడం ఆడవాళ్లకి తెలియని విద్యా? ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన రాహుల్ చౌదరి మొదటి నుంచీ టైటాన్స్‌కి పెద్దదిక్కు. 2015లో మనది మూడో స్థానం. 2019 వేలంలో అతన్ని తమిళ తలైవాస్ వాళ్లు 94 లక్షలకి పాడుకున్నారు. ఆ రోజు నాకు పిల్లని అత్తారింటికి పంపినట్టే అయింది.

మా మేనల్లుడి అవస్థ ఇంకా తమాషా. 2019 జనవరిలో జరిగిన ఫైనల్లో పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బుల్స్‌ని గెలిపించాడు. మావాడు వీధంతా మిఠాయి పంచాడు. 2023లో ఆ పవనే 2 కోట్ల 60 లక్షల 50 వేలకి మన ఇంటికి వచ్చాడు! అయితే ఏం లాభం? ఆ సీజన్లో 22 ఆటలాడి గెలిచింది రెండు. అంతకు రెండు సీజన్ల ముందు 22 ఆటల్లో ఒక్కటే గెలుపు. "డబ్బు పోస్తే వాన పడుతుందా అత్తా?" అని వాడు దెప్పిపొడిచాడు. వరసగా పంట పోయినా మళ్లీ విత్తనం కొనే ఊరు మాది. మా ఊరిదాన్నయి ఓడిన జట్టుని వదలడం నాకెలా వస్తుంది? 2025లో ప్లే ఆఫ్ దాకా వచ్చారు. కప్పు మాత్రం ఇంకా రాలేదు.

అసలు నా బాధ మరొకటి. వెన్నెల రాత్రుల్లో కల్లంలో మేమూ చెడుగుడు ఆడినవాళ్లమే. పన్నెండో ఏడు రాగానే "లంగా ఎగదోపుకుని ఏం ఆటే అది" అని మా అవ్వ కూత ఆపించింది. 2016లో ఈ లీగు వాళ్లే ఆడవాళ్లకి మూడు జట్లు పెట్టారు. జూలై 31న హైదరాబాదులో ఫైనల్. స్టార్మ్ క్వీన్స్ 24, ఫైర్ బర్డ్స్ 23. మూడోది ఐస్ దివాస్. పేర్లు గమనించారా? తుఫానూ, నిప్పూ, మంచూ! మగవాళ్ల జట్లకి ఊళ్లున్నాయి, ఆడవాళ్ల జట్లకి ఊరే లేదు. పుట్టిల్లూ లేదు, అత్తిల్లూ లేదు. ఆ పోటీ మళ్లీ ఆ లీగులో కనబడలేదు. చేతకాకనా? 2023 ఆసియా క్రీడల్లో చైనీస్ తైపీని 26–25తో ఓడించి బంగారు పతకం తెచ్చింది మన ఆడపిల్లలే. అది ఆ క్రీడల్లో భారతదేశానికి నూరో పతకం.

మొన్న సెలవుల్లో మేనల్లుడి కూతురు, ఏడో తరగతి చదువుతోంది, బడిలో కబడ్డీ జట్టులో ఉందిట, నా పక్కన కూర్చుని టీవీ చూస్తూ అడిగింది: "అవ్వా, తెలుగు టైటాన్స్‌లో ఆడపిల్లల టీము పేరేమి?"

వాళ్ల నాన్న నా వంక చూశాడు. ఆ పూట మా ఇద్దరికీ తగవు లేదు. ఇద్దరి దగ్గరా జవాబు లేదు మరి.

"పేరు తర్వాత పెడదాం లేమ్మా. నువ్వు మాత్రం కూత ఆపొద్దు" అన్నాను.