దోషనివేదనము (స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు)

దోషనివేదన మనగా, ఒక సాఫ్ట్‌వేరు చేయవలసిన పనిని చేయక మానినప్పుడో, చేయరాని పనిని చేసినప్పుడో, దానిని వాడినవారు ఆ సంగతిని నిర్మాతలకు సాక్ష్యసహితముగ తెలియజేయుట. ఇట్టి లోపమును వ్యవహారమున 'బగ్' అందురు. సోర్స్ కోడు ఎల్లరకును అందుబాటులో నుండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రంగమున, నిర్మాతలలో పెక్కుమంది ప్రతిఫలాపేక్ష లేక తీరిక వేళలయందు పనిచేయువారగుటచే, లోపము తొలగుటయు నిలిచిపోవుటయు తరచుగా నివేదిక యొక్క స్పష్టతపైననే ఆధారపడి యుండును.

చరిత్ర

యంత్రలోపమను అర్థమున 'బగ్' అను మాట కంప్యూటర్లకంటె ప్రాచీనమైనది. ఎడిసన్ 1878లో వ్రాసిన లేఖయందే అది కానవచ్చుచున్నది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్-2 యంత్రపు రిలేలో చిక్కిన చిమ్మటను దినచర్య పుస్తకమున అంటించిన సాంకేతికులు, నిజమైన పురుగు దొరకుట ఇదియే ప్రథమమని చమత్కరించుట, ఆ పదము వారికి అప్పటికే సుపరిచితమనుటకు నిదర్శనము. నివేదికలను భద్రపరచి, ఒక్కొక్కదానికి సంఖ్య నొసగి, పరిష్కారమగువరకు వెంబడించు బహిరంగ వ్యవస్థలు 1990వ దశకమున రూపొందినవి. ఇయాన్ జాక్సన్ 1994లో డెబియన్ అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టము కొరకు ఈమెయిలు ఆధారముగ నొక వ్యవస్థను నిర్మించెను. 1998లో మొజిల్లా నుండి బగ్‌జిల్లా అను అట్టిదే మరియొక వ్యవస్థ వెలువడెను. పుట్టీ అను స్వేచ్ఛా ప్రోగ్రాము కర్తయైన సైమన్ టాథమ్ 1999లో దోషనివేదనముపై వ్రాసిన వ్యాసము పెక్కు భాషలలోనికి అనువదింపబడినది.

నివేదికాంగములు

వాడుకరి యెదుట సంభవించిన వైఫల్యమును నిర్మాత తన యంత్రముపై మరల సంభవింపజేసికొని కన్నులార చూడగలుగుటయే నివేదిక యొక్క ప్రథమ ప్రయోజనము. కావున 'పనిచేయుట లేదు' అను నొక్క వాక్యము ఎంత సత్యమైనను నిరుపయోగము. సాఫ్ట్‌వేరు వెర్షను, ఆపరేటింగ్ సిస్టము, వరుసగా చేసిన పనులు, ఆశించిన ఫలితము, వాస్తవముగ కలిగిన ఫలితము అను నైదింటిని క్రమముగ వ్రాయవలెను. లోపము ప్రతిసారియు కలుగుచున్నదా, ఎప్పుడో యొకప్పుడు మాత్రమేనా అనునదియు చెప్పవలెను. తెరపై కనిపించిన దోషసందేశమును సొంత మాటలలో సంగ్రహింపక, అక్షరము పొల్లుపోకుండ ప్రతిచేయవలెను. ప్రోగ్రాము కూలిపోయినచో, ఆ క్షణమున ఏ ఫంక్షను దేనిచే పిలువబడి యుండెనో తెలుపు బ్యాక్‌ట్రేసును జతపరచుట మేలు.

దృష్టము, ఊహితము

చూచినదానిని, చూచినదానినిబట్టి ఊహించినదానిని వేరుపరచి చెప్పుట నివేదకుని ముఖ్యధర్మము. ఉదాహరణకు, లిబ్రేఆఫీసులో తెలుగు అక్షరములకు మారుగ ఖాళీ గడులు కనిపించినప్పుడు 'ఫాంటు చెడినది' అని వ్రాయుట ఊహ. గడులు కనిపించినవనుట దృష్టము. ఆ లోపము ఫాంటులో నుండవచ్చును, ఒత్తులను గుణింతములను కూర్చు హార్ఫ్‌బజ్ లైబ్రరీలో నుండవచ్చును, లేక లిబ్రేఆఫీసులోనే యుండవచ్చును. ఈ మూడింటి నిర్మాతలు వేర్వేరు బృందములవారగుటచే, తప్పుడు ఊహ నివేదికను తప్పుడు గుమ్మమునకు చేర్చును. అదే పాఠమును ఫైర్‌ఫాక్సులో తెరచి చూచి, ఆ ఫలితమును గూడ వ్రాసినవాడు నిర్మాతకు సగము శ్రమ తగ్గించినవాడగును.

కనిష్ఠోదాహరణము

నూరు పుటల ఫైలును పంపుటకంటె, లోపమునకు చాలినంత భాగమును మాత్రమే మిగిల్చి పంపుట శ్రేష్ఠము. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11 ఫోనులలోని యాప్‌లను కూల్చిన తెలుగు అక్షరపు లోపము, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు చెందినది కాకున్నను, ఇందుకు చక్కని దృష్టాంతము. జకారము, విరామము, ఞకారము, పిదప కంటికి గోచరింపని జీరో విడ్త్ నాన్ జాయినరు, తుదకు దీర్ఘము అను నైదు కోడ్‌పాయింట్ల వరుసయే ఆ యనర్థమునకు మూలము. మనము నిత్యము వ్రాయు 'జ్ఞా'లో ఆ నాల్గవది లేదు గనుక అది నిరపాయము. అదృశ్యమైన ఆ సంజ్ఞ స్క్రీన్‌షాటునకు చిక్కదు; పాఠమునే పంపినగాని తెలియదు. ఐఓఎస్ 11.2.6లో ఈ లోపము సవరింపబడినది.

లోపకారణమును ఇట్లే కుదించుటకు మరియొక మార్గము కలదు. ఒక పని మునుపటి వెర్షనులో సక్రమముగ నుండి క్రొత్తదానిలో చెడినచో, సోర్స్ కోడు మార్పులను భద్రపరచు గిట్‌లోని బైసెక్ట్ ఆదేశము మార్పుల వరుసను పలుమారులు సగము చేయుచు దోషకారియైన మార్పును పట్టియిచ్చును. ఈ పద్ధతిచే వేయి మార్పులనుండి దానిని వెదకుటకు సుమారు పది పరీక్షలు చాలును.

తీవ్రత, గోప్యత

డెబియన్ వ్యవస్థలో తీవ్రతాశ్రేణులు ఏడు. వానిలో మొదటి మూడింటికి చెందిన లోపములు క్రొత్త విడుదలను అడ్డగింపగలవు. అందుచే తన చిక్కు తనకు పెద్దదని శ్రేణిని పెంచి వ్రాయుట తగదు. భద్రతాలోపములను మాత్రము బహిరంగపరుపక, లినక్స్ కెర్నెలు, డెబియన్ వంటి ప్రాజెక్టులు ఇందుకై నిర్వహించు ప్రత్యేక చిరునామాలకు రహస్యముగ తెలుపవలెను. లేకున్నచో, సవరణకు ముందే దుర్జనులకు మార్గము చూపినట్లగును.

తదనంతర కర్తవ్యము

పంపుటతో పని ముగియదు. నిర్మాతల ప్రశ్నలకు బదులిచ్చుట, వారు పంపిన సవరణను (ప్యాచ్‌ను) పరీక్షించి ఫలితము తెలుపుట నివేదకుని వంతు. లోపము తొలగిన పిదపను నివేదిక నశింపక భాండారమున నిలిచియుండును. క్రొత్త నివేదిక వ్రాయబోవు ప్రతివాడును ముందుగ పాతవానిని వెదకవలెనను నియమము ఇందువలననే ఏర్పడినది. ఒకరు శ్రద్ధతో వ్రాసినది, అదే చిక్కునబడిన మరియొకరికి సమాధానమై లభించును.