గట్టు కట్టిన గణితము

పొలము గట్టు విలువ శావల్యాపురము రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. గట్టు గట్టిగా ఉన్నంతవరకు మడిలోని నీరు ఎటు పారినను అదుపులోనే యుండును. గణితములో అట్టి గట్టునొకదానిని కనుగొన్న కథ ఈ ప్రసంగములో చెప్పుకొందము.

ఒక సంఖ్యను దానితోనే హెచ్చవేసి, వచ్చిన ఫలమును మరల దానితోనే హెచ్చవేయుచు పోవుదము. అరతో మొదలిడినచో పావు, వీసము, ఇట్లు క్రమముగా సున్నను చేరును. రెండుతో మొదలిడినచో 4, 16, 256 అనుచు మేర లేక పెరుగును. సంకీర్ణ సంఖ్యల తలముపై ఈ రెంటికిని సరిహద్దు, 1 వ్యాసార్ధముగా గల వృత్తము. వృత్తమునకు లోపల గాని వెలుపల గాని నిలుకడ కలదు. వృత్తముపై మాత్రము ఏ బిందువు చెంతనైనను నిలుకడ లేదు; ఇరుగుపొరుగు సంఖ్యలలో ఒకటి సున్నకు, వేరొకటి అనంతమునకు పోవును.

ఈ నిలుకడ గల ప్రమేయ సమూహమునకు ‘నార్మల్ కుటుంబము’ అని పేరు. అందుండి ఎట్టి అనుక్రమమును తీసికొన్నను, ప్రతి బిందువు చుట్టును ఒక అవధికి గాని అనంతమునకు గాని ఏకరీతిగా చేరు ఉపానుక్రమము దొరకవలయును.

ఏ నియమముండిన ఇది సిద్ధించును? 1876లో ఫ్రాన్సులోని నీస్ నగరమున జన్మించిన పోల్ మోంతెల్ 1907 నాటి తన సిద్ధాంత వ్యాసములో సమాధానమిచ్చెను: అవకలనీయములైన సంకీర్ణ ప్రమేయములన్నిటికిని ప్రతి బిందువు చుట్టును ఒకే హద్దు ఉన్నచో చాలును. ఇదియే మన గట్టు. కొలది యేండ్లకే అంతకంటె వింతయైన నియమమును చూపెను: ఆ ప్రమేయములన్నియు ఏవేని రెండు నిర్ణీత విలువలను ఎన్నడును పొందకున్నచో, గట్టు కనబడకున్నను కుటుంబము నార్మలే.

ఇంతలో మహాయుద్ధము వచ్చెను. 1915 జనవరిలో గస్తోన్ జూలియా యుద్ధరంగమున ముఖమునకు గాయమై ముక్కు కోల్పోయెను. శస్త్రచికిత్సల నడుమ ఆయన, స్వతంత్రముగా పియేర్ ఫాతూ, మోంతెల్ నియమమును ఆధారముగా గొని, పైన మనము చేసిన హెచ్చవేత వంటి పునరావృత్తులను శోధించిరి. నిలుకడ చెడు ఆ సరిహద్దు నేడు ‘జూలియా సమితి’ అనబడుచున్నది.

మోంతెల్ నియమములు ఉన్నచో చాలును. కాని అవి లేకున్నను కుటుంబము నార్మల్ కావచ్చును. ఉండి తీరవలసిన నియమమును 1931లో ఫ్రెదెరిక్ మార్తీ చెప్పెను: ప్రమేయపు విలువలను గోళముపై గుర్తించి, అచట అవి మారు వేగమునకు ప్రతి బిందువు చుట్టును హద్దు ఉండవలయును. ఉన్నచో కుటుంబము నార్మల్, లేనిచో కాదు. 1940 జూన్ 14న ‘కలేవా’ అను ఫిన్లండు ప్రయాణిక విమానమును సోవియట్ విమానములు కూల్చినపుడు, ముప్పది యేండ్లైనను నిండని మార్తీ అందు మరణించెను.

ఈ విద్య మనవారికి దూరము కాలేదు. శావల్యాపురమువలెనే నాటి గుంటూరు జిల్లాలోనిదైన బాపట్లలో చదివిన కొమరవోలు చంద్రశేఖరన్ గారు 1949లో బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చేరి గణితశాఖను తీర్చిదిద్దిరి. దేశదేశముల పండితులు అచటికి వచ్చి ఉపన్యసించిరి. ఆంగ్ల గణితజ్ఞుడు వాల్టర్ హేమన్ ఉపన్యాసములు 1959లో వెలువడినవి. ప్రమేయములు ఏ విలువలను పొందక విడువగలవను విచారము వానికి ప్రధానము. మోంతెల్ రెండవ నియమమునకు మూలమును అదియే.

యుద్ధమునకు గట్టు లేదు. దానిలో చిక్కినవారు ప్రమేయములకు కట్టిన గట్టు మాత్రము నేటికిని తెగలేదు.