హోం ఐసోలేషన్: చరిత్ర

అంటువ్యాధి సోకినా ప్రాణాపాయ లక్షణాలు లేని రోగిని ఆసుపత్రిలో చేర్చకుండా, ఇంట్లోనే విడి గదిలో ఉంచి, వైద్య సిబ్బంది కనిపెట్టుకుని ఉండగా నయం చేసే పద్ధతిని హోం ఐసోలేషన్ అంటారు. రోగితో మెలిగి, తమకు సోకిందో లేదో ఇంకా తేలనివారిని కొన్నాళ్లు ఆపి ఉంచే క్వారంటైన్ వేరు. 2020 నుంచి తెలుగు ఇళ్లలో నిత్యం వినబడిన ఈ మాట వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఈ పద్ధతి ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కూలిందో చూస్తే రోగ తీవ్రత కన్నా ఇంటి పరిస్థితే ఎక్కువగా నిర్ణయించిందని తేలుతుంది. ఇంట్లో ఎన్ని గదులున్నాయి, వండిపెట్టేదెవరు, ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుంది అన్నవే అసలు లెక్కలు.

ఇంటిని చెరసాలగా మార్చిన పాత ఉదాహరణ 1665 నాటి లండన్ ప్లేగు. రోగి ఉన్న ఇంటికి బయట నుంచి తాళం వేసి, తలుపు మీద ఎర్ర సిలువ గుర్తు గీసి, పగలూ రాత్రీ కాపలా పెట్టేవారు. రోగితో పాటు ఆరోగ్యంగా ఉన్నవారంతా లోపలే ఉండాలి. ఆ జూన్ 7న డ్రూరీ లేన్‌లో అలాంటి ఇళ్లు రెండు మూడు చూశానని శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు. ఈ పద్ధతిని దుయ్యబడుతూ అదే ఏడు ఒక కరపత్రం కూడా వెలువడింది. తాళం పడిన ఇంట్లో ఒకరి జబ్బు అందరికీ అంటుకునేది కనుక ఆ కోపం న్యాయమైనదే.

భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వం దీనికి సరిగ్గా ఎదురు దారి తొక్కింది. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. 1897 ఫిబ్రవరిలో ఎపిడెమిక్ డిసీజెస్ చట్టం చేశారు. పూణేలో సైనికులు ఇల్లిల్లూ సోదా చేసి, రోగులను ఆసుపత్రులకు, ఇంటివారిని శిబిరాలకు తరలించారు. అవమానం భరించలేని జనం రోగులను దాచిపెట్టసాగారు. 1897 జూన్ 22న ప్లేగు కమిటీ అధ్యక్షుడు ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. తరువాతి ఏళ్లలో బలవంతపు తరలింపులు సడలాయి. చట్టం మాత్రం మిగిలింది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నిబంధనలు జారీ చేసింది దాని కిందే.

సర్కారు ఆదేశాలతో పనిలేకుండా తెలుగు పల్లెల్లో ఇంటిపట్టున సాగిన ఏకాంతం ఒకటుంది. ఆటలమ్మ గానీ మశూచి గానీ వస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, రోగిని వేపాకుల మీద పడుకోబెట్టేవారు. ఆ ఇంట్లో పోపు పెట్టేవారు కాదు, బయటివారిని లోపలికి రానిచ్చేవారు కాదు. పొక్కులు మాడిన తరువాతే వేపాకు, పసుపు కలిపిన నీళ్లతో తలస్నానం చేయించేవారు. నమ్మకం దేవతను గురించినదే అయినా, ఈ ఇంట్లో రోగి ఉన్నాడు, లోపలికి రావద్దు అన్న కబురు ఆ వేపమండల వల్ల ఊరంతటికీ చేరేది. ఒకే గది ఉన్న ఇళ్లలో తోబుట్టువులకు మాత్రం ఈ కట్టుబాటు రక్షణ ఇచ్చేది కాదు.

ఇంటి చికిత్సకు శాస్త్రీయ పునాది పడింది క్షయ విషయంలో, అదీ మద్రాసులో. అంతకు ముందు క్షయ అంటే శానిటోరియమే. 1912లో మదనపల్లెలో మొదలై, తరువాత ఆరోగ్యవరానికి మారిన యూనియన్ మిషన్ సంస్థ దక్షిణాదిలో పేరుమోసింది. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి అక్కడి వైద్యం. కానీ దేశంలోని రోగులకు సరిపడా మంచాలు ఎన్నడూ లేవు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి చెట్‌పెట్‌లో క్షయ కీమోథెరపీ కేంద్రం నెలకొల్పాయి. అక్కడ వాలెస్ ఫాక్స్ బృందం నగరంలోని పేద రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును శానిటోరియానికి, రెండో జట్టును సొంత ఇంటికి పంపింది. మందులు ఇద్దరికీ ఒకటే: ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు.

ఇళ్లలో ఉన్నవారి తిండి నాసిరకం, గదులు ఇరుకు, విశ్రాంతి తక్కువ. అయినా 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు జట్ల మధ్య తేడా స్వల్పమే. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, తరువాత ఏళ్ల తరబడి గమనించినా, ఇంట్లో వైద్యం పొందినవారి కుటుంబాలకు జబ్బు ఎక్కువగా సోకలేదు. అంటుకోవాల్సింది చాలావరకు రోగం బయటపడక ముందే అంటుకుని ఉంటుంది, మందు మొదలయ్యాక రోగి నుంచి వ్యాప్తి త్వరగా తగ్గుతుంది అన్న అవగాహనకు ఇది బలమిచ్చింది. ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది. ఆ రోగులను ఇంటికి పంపి వదిలేయలేదు. సిబ్బంది చెప్పాపెట్టకుండా వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మందు వేసుకున్నారో లేదో తేల్చడానికి మూత్ర పరీక్షలు చేసేవారు. ఆ ఫలితాల తరువాత ప్రపంచవ్యాప్తంగా శానిటోరియాలు వెనకబట్టాయి. తిండి లెక్క మాత్రం చాలాకాలానికి గానీ సర్కారు పద్దుల్లోకి ఎక్కలేదు. క్షయ రోగికి తొలుత నెలకు 500 రూపాయలిచ్చిన నిక్షయ్ పోషణ్ యోజన 2018లో మొదలైంది.

మశూచి నిర్మూలన చివరి దశలో, 1974–75లో, రోగిని ఇంట్లోనే ఉంచి, గుమ్మం దగ్గర కాపలా పెట్టి, వచ్చేపోయేవారికీ చుట్టుపక్కలవారికీ టీకాలు వేశారు. పైపైన చూస్తే లండన్ కాపలాలాగే ఉంటుంది. కానీ ఇక్కడ లోపలివారిని కాపాడే టీకా ఉంది.

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ భారతదేశంలో మొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానంలో దిగిన ప్రయాణికుడికి. మొదట అందరినీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కేసులు పెరిగాక కేంద్రం రోగులను ఎ, బి, సి వర్గాలుగా విడదీసింది. స్వల్ప జ్వరం, దగ్గు ఉన్న ఎ వర్గానికి పరీక్ష కూడా అక్కర్లేదు, ఇంట్లో ఉంటే చాలు. బి వర్గానికీ ఇల్లే, సి వర్గానికే ఆసుపత్రి.

కోవిడ్‌లోనూ అదే క్రమం నడిచింది. 2020 మార్చిలో పాజిటివ్ వచ్చిన ప్రతివారినీ ఆసుపత్రికి తరలించారు, తెలంగాణలో ఎక్కువమందిని గాంధీ ఆసుపత్రికి. ఏప్రిల్ 27న కేంద్ర ఆరోగ్యశాఖ అతి స్వల్ప లక్షణాలున్నవారికి హోం ఐసోలేషన్‌ను అనుమతించింది. విడిగా ఉండే వీలు, 24 గంటలూ చూసుకునే మనిషి, సంతకం చేసిన హామీపత్రం ఉండాలన్నది షరతు. జూలై 2న లక్షణాలు లేనివారికీ వర్తింపజేశారు. మధ్యలో జూన్ 19న ఢిల్లీలో రోగులంతా ఐదు రోజులు సర్కారు కేంద్రంలో ఉండాలని ఉత్తర్వు వచ్చింది, మర్నాడే ఉపసంహరించారు. అన్ని మంచాలు ఎక్కడివి?

రెండో వేవ్ అసలు పరీక్ష అయింది. ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయే రోగులుండటంతో, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటి వస్తువైంది. 2021 మేలో తెలంగాణలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటి జ్వర సర్వే చేసి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా లక్షణాలున్నవారికి మందుల కిట్లు ఇచ్చారు. విడి గది లేని చోట ఊళ్లలోని బడులు ఐసోలేషన్ కేంద్రాలయ్యాయి. నల్గొండ జిల్లాలో ఒక యువకుడు ఇంట్లో చోటు లేక చెట్టు మీద మంచం కట్టుకుని రోజులు గడిపాడన్న వార్త ఆ నెలలోనే దేశమంతా తిరిగింది.

తొలుత 17 రోజులుగా ఉన్న గడువును ఒమిక్రాన్ సమయంలో, 2022 జనవరి 5 నాటి నిబంధనల్లో, కనీసం 7 రోజులకు తగ్గించారు. చివరి మూడు రోజులు జ్వరం లేకుంటే చాలు, మళ్లీ పరీక్ష అవసరం లేదు. అప్పటికి మందుల దుకాణాల్లో ఇంటి పరీక్ష కిట్లు కూడా వచ్చాయి. ఫలితాన్ని యాప్‌లో నమోదు చేయమన్నారు గానీ, చేయనివారి సంఖ్య సర్కారు లెక్కకు అందలేదు. ఇంట్లోనే పరీక్ష చేసుకుని, ఇంట్లోనే ఉండి, ఇంట్లోనే నయమైన రోగి ఏ పట్టికలోనూ కనిపించడు.