జనం నాడి పట్టిన డాక్టరు

దేవనహళ్ళి అంటే ఇవాళ అందరికీ బెంగళూరు విమానాశ్రయమే. 2008 మే నెలకి ముందు ఆ పేరు చెబితే టిప్పు సుల్తాన్ పుట్టిన కోట, చక్కోత పండ్లు, ద్రాక్ష తోటలు గుర్తొచ్చేవి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇక్కడా, పక్కనున్న చిక్కబళ్ళాపురంలోనూ తరతరాలుగా ఉన్నాయి. పొలాలు రన్‌వేలు, లేఅవుట్లు అయ్యాయి. తోటలో నడుం వంచి పనిచేసినవాడి కొడుకు పొద్దస్తమానం క్యాబ్ స్టీరింగ్ ముందు కూర్చుంటున్నాడు. మధ్యలో బేకరీ దగ్గర ఆగితే ఒక ఎగ్ పఫ్, ఒక టీ, ఒక సిగరెట్టు. మధ్యాహ్న భోజనం అయిపోయినట్టే.

బతుకు తీరు ఇలా మారేకొద్దీ, అంటురోగాలతో పోయే సమాజం గుండెపోటుతో, పక్షవాతంతో పోయే సమాజంగా ఎలా మారుతుందో 1971లో అబ్దెల్ ఒమ్రాన్ సిద్ధాంతం కట్టాడు. పడమటి దేశాల్లో తరాల మీద నడిచిన ఆ మార్పు మన దగ్గర చాలా తొందరగా వచ్చిపడుతోందని గట్టిగా హెచ్చరించినవాళ్ళలో ముందు వరసలో నిలిచిన తెలుగువాడు డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి. వర్ధమాన దేశాలను గుండెజబ్బులు ముంచెత్తబోతున్నాయంటూ 1998లో 'సర్క్యులేషన్' పత్రికలో ఆయన రాసిన వ్యాసానికి సహరచయిత సలీం యూసుఫ్. యూసుఫ్‌ది కేరళ, వైద్యం చదివింది మాత్రం బెంగళూరు సెయింట్ జాన్స్‌లో.

శ్రీనాథ్ రెడ్డి తండ్రి కె.వి. రఘునాథ రెడ్డి కేంద్ర కార్మిక మంత్రిగా, తరవాత గవర్నరుగా పనిచేశారు. కొడుకు ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చేసి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్యుడై, కెనడా మెక్‌మాస్టర్‌లో ఎపిడెమియాలజీ నేర్చుకున్నారు. అక్కడ లెక్కలు నేర్చుకున్నా, తిరిగొచ్చాక రోగుల్ని చూడటం మానలేదు. పీవీ నరసింహారావుకి వైద్యుడాయన. వినయ్ సీతాపతి రాసిన పీవీ జీవితచరిత్రలో ఒక ఘట్టం ఉంది. 1992 డిసెంబర్ 6, ఆదివారం. ఇంట్లో టీవీలో బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలడం చూస్తున్న శ్రీనాథ్ రెడ్డికి ప్రధాని గుండె గుర్తొచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పీవీకి ఆపరేషన్ అయింది. వెంటనే ప్రధాని నివాసానికి పరుగెత్తి చూస్తే నాడి వేగంగా కొట్టుకుంటోంది, బీపీ పెరిగింది, మొహం ఎర్రబడింది. బీటా బ్లాకర్ మరో మోతాదు ఇచ్చారు. ఒక మనిషి, ఒక డాక్టరు, ఒక మాత్ర. గుండె వైద్యం అంటే మనకి తెలిసింది ఇదే. కోట్ల మందికి ఇలా పరుగెత్తడం ఎవరి తరం?

జనం మొత్తంలో జబ్బుకి కారణాలు వెతికే దారిలో శ్రీనాథ్ రెడ్డికి ముందు నడిచినవాళ్ళు లేకపోలేదు. 1967లో రైల్వే డాక్టరు ఎస్.ఎల్. మల్హోత్రా రైల్వే ఉద్యోగుల మరణాల లెక్క తీస్తే, దక్షిణాదిలో గుండెపోటు చావులు ఉత్తరాదికన్నా సుమారు ఏడు రెట్లు ఎక్కువని తేలింది. పాలు, నెయ్యి మాత్రం ఉత్తరాదివాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ తినేవారు. నెయ్యి వడ్డించేటప్పుడు ఇప్పటికీ కొందరు ఈ లెక్క వల్లిస్తారు. రెండు ప్రాంతాల సగటులు పక్కపక్కన పెడితే ఒక అనుమానం పుడుతుంది, అంతవరకే. ఏ ఒక్క మనిషికి ఏ కారణంగా జబ్బు వచ్చిందో అందులో దొరకదు.

మనిషి మనిషినీ పోల్చి చూసే ఆ పని బెంగళూరులో జరిగింది. సెయింట్ జాన్స్ డాక్టరు ప్రేమ్ పాయిస్, యూసుఫ్ తదితరులు మొదటిసారి గుండెపోటు వచ్చిన 200 మందిని, రాని 200 మందితో పోల్చి 1996లో 'లాన్సెట్'లో ప్రచురించారు. అన్నిటికన్నా పెద్ద దోషి పొగ. సిగరెట్టయినా బీడీ అయినా ముప్పు మూడున్నర రెట్లు. తరవాత బీపీ, షుగర్, బొజ్జ. 2004లో శ్రీనాథ్ రెడ్డి, సెయింట్ జాన్స్ డాక్టరు మారియో వాజ్, హార్వర్డ్ పరిశోధకులు కలిసి బెంగళూరు, ఢిల్లీ ఆసుపత్రుల్లో 350 మంది గుండె రోగుల్ని, గుండెజబ్బు లేని మరో 700 మందిని ఏం తింటారని అడిగారు. ఆకుకూరలు వారానికి మూడు నాలుగు సార్లు తినేవారికి, దాదాపు తిననివారితో పోలిస్తే ముప్పు మూడో వంతే. తోటకూర పప్పు, గోంగూర తినే ఇళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. కానీ ఆకుకూర తినేవారు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారేమోనన్న సందేహం ఇలాంటి పరిశోధనలను ఎప్పుడూ వెన్నాడుతుంది.

అదే ఏడాది 52 దేశాల్లో దాదాపు 30,000 మందితో యూసుఫ్ నడిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం బయటికొచ్చింది. గుండెపోటు ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలే మూలం. 2007లో దక్షిణాసియా లెక్క విడిగా తీస్తే మనకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే, మిగతావారికి 59కి కాస్త అటూ ఇటూ. ఆ తేడాకి ప్రధాన కారణాలు కూడా అవే పొగ, షుగర్, కొలెస్ట్రాల్ వగైరా. 'మన రక్తమే అంత' అనుకుని చేతులు దులుపుకునే వీలు పోయింది.

నా దృష్టిలో శ్రీనాథ్ రెడ్డి పరిశోధనల్లో అన్నిటికన్నా విలువైనదానికి వీటంత పేరు రాలేదు. హైదరాబాదు, బెంగళూరుతో సహా దేశంలో 10 చోట్ల పరిశ్రమలు ఎంచుకుని, కార్మికుల్నీ వాళ్ళ కుటుంబాల్నీ కలిపి దాదాపు 20,000 మందిని ఆయన బృందం పరీక్షించింది. ఇంటింటి సర్వేతో పోలిస్తే ఇది తెలివైన పద్ధతి. మనుషులు ఒకచోట ఉంటారు, మళ్ళీ అయిదేళ్ళ తరవాత వెళ్ళినా దొరుకుతారు. 2007లో వచ్చిన ఫలితం ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. గుండెజబ్బు కారు, బంగళా ఉన్నవాడి రోగమని కదా అనుకునేవాళ్ళం. బాగా పట్టణీకరణ జరిగిన చోట్ల తక్కువ చదువుకున్నవాళ్ళలోనే పొగాకు, బీపీ లాంటి ముప్పులు ఎక్కువగా కనిపించాయి. సంపన్నుడు ముందు జబ్బు తెచ్చుకుంటాడు, ముందు తెలుసుకుని తప్పుకుంటాడు; వెనక వచ్చే పేదవాడు అందులో చిక్కుకుంటాడు.

పల్లెలకి ఇది పట్టదనుకుంటే అదీ పొరపాటే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో 2003-04లో ఏడాదిపాటు ప్రతి చావుకీ కారణం కుటుంబసభ్యుల్ని అడిగి రాసుకున్నారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతం.

పరిశ్రమల్లో శ్రీనాథ్ రెడ్డి బృందం లెక్కతో ఆగలేదు. కొన్ని చోట్ల కార్మికులకి సలహాలు, ప్రచారం, పనిచేసే చోట మార్పులు మొదలుపెడితే నాలుగైదేళ్ళకి బరువు, బీపీ, కొలెస్ట్రాల్ తగ్గాయి. ఏమీ చేయని చోట పెరిగాయి. ప్రమాదం అంచున ఉన్న కొద్దిమందిని ఒడ్డుకి లాగడంకన్నా అందరి సగటునీ కాస్త దించితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయని 1985లో జెఫ్రీ రోజ్ వాదించాడు. ఫిన్‌లాండ్ నార్త్ కరేలియాలో 1972 నుంచి చేసి చూపించారు కూడా. సగటు దిగాలంటే డాక్టరు మాట చాలదు, చట్టం కావాలి, పన్ను కావాలి.

అందుకే శ్రీనాథ్ రెడ్డి పొగాకు మీద పడ్డారు. ఎయిమ్స్ గుండె వైద్యులు 1992లో మొదలుపెట్టిన 'హృదయ్' సంస్థ బడి పిల్లల దగ్గరికి వెళ్ళింది. ఢిల్లీ, చెన్నైల్లో 32 బడుల్లో రెండేళ్ళు నడిపిన మైత్రి ప్రయోగంలో కార్యక్రమం ఉన్న బడుల్లో పొగాకు వాడకం 17 శాతం తగ్గితే, లేనిచోట 68 శాతం పెరిగింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2004లో అంతర్జాతీయ ఒప్పందానికి భారత్ ఆమోదముద్ర వేసింది. 2009-10లో పెద్దల్లో 34.6 శాతం ఉన్న వాడకం 2016-17కి 28.6 శాతానికి దిగింది. ఈ ఘనత ఏ ఒక్కరిదీ కాదు. కానీ ఆయన స్టెంట్లు వేస్తూ ఎయిమ్స్‌లోనే కూర్చుని ఉంటే ఇన్ని గుండెల్ని తాకేవారు కాదని నా నమ్మకం.

2006లో ఎయిమ్స్ వదిలి పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్‌కి అధ్యక్షుడయ్యాక ఆయన పరిశోధకుడికన్నా పాలనాదక్షుడయ్యారు. ప్రణాళికా సంఘం కోరగా ఆయన అధ్యక్షతన నిపుణుల బృందం 2011లో అందరికీ వైద్యం గురించి నివేదిక ఇచ్చింది. ప్రజారోగ్యంపై ప్రభుత్వ ఖర్చు పన్నెండో ప్రణాళిక చివరికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. అంతకు నాలుగేళ్ళ ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, పేదల ఆపరేషన్ల ఖర్చు ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ మొదలైంది. బైపాస్‌కి డబ్బు దొరకడం పేదవాడికి నిజంగా పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆపరేషన్ అయినవాడికి ఫోటో ఉంటుంది, ఓటు ఉంటుంది. రాకుండా ఆగిపోయిన గుండెపోటుకి లబ్ధిదారు ఎవరో ఎవరికీ తెలియదు.

నివారణ పనులన్నీ ఫలించాయనీ కాదు. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ కంప్యూటర్ ఇచ్చి బీపీ రోగుల్ని గుర్తించే ప్రయోగం చేస్తే, అది లేని ఊళ్ళకన్నా బీపీ అదుపు చెప్పుకోదగ్గట్టు మెరుగవలేదు. కనిపెట్టడం సులువైంది, మందు ఆగకుండా అందడం కాలేదు. 2017లో తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల్లో మొదలైన హైపర్‌టెన్షన్ కార్యక్రమం పట్టుకున్నది ఈ చివరి కొసనే: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్, ఈ చవక మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండాలి, రోగి ఒక నెల రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఇక ప్రభుత్వ ఖర్చుకి నిపుణుల బృందం అడిగిన ఆ 2.5 శాతాన్ని 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 గడువుతో మళ్ళీ రాసుకుంది. ఆ గడువూ దాటింది, అంకె అందలేదు.