మానవ మెదడు: నిర్మాణం, పిండాభివృద్ధి

మానవ మెదడు కేంద్ర నాడీ వ్యవస్థలో ప్రధాన అవయవం. పెద్దవారిలో దాని బరువు సుమారు 1,300–1,400 గ్రాములు. శరీర బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతి వేళ శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. కపాలం లోపల వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలు దాన్ని కప్పి ఉంచుతాయి.

భాగాల పేర్లు వల్లించడం కన్నా, అవి పిండంలో ఏర్పడే క్రమాన్ని గమనిస్తే మెదడు నిర్మాణం తేలిగ్గా బోధపడుతుంది. మెదడంతా ఒకే గొట్టం నుంచి రూపొందినదే.

ఫలదీకరణ తర్వాత మూడో వారంలో పిండం వీపు వైపున బహిస్త్వచం మందమై నాడీ ఫలకంగా మారుతుంది. దాని అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి నాడీ నాళం ఏర్పడుతుంది. ఈ కలయిక మెడ ప్రాంతంలో మొదలై రెండు వైపులా సాగుతుంది. తల వైపు రంధ్రం 25వ రోజు ప్రాంతంలో, తోక వైపుది 28వ రోజు నాటికి మూసుకుంటాయి. మొదటిది మూసుకోకపోతే పెద్ద మెదడు, కపాలం పైభాగం ఏర్పడని అనెన్‌సెఫలీ, రెండోది మూసుకోకపోతే వెన్నులో స్పైనా బిఫిడా సంభవిస్తాయి. చాలామంది స్త్రీలకు గర్భం సంగతి తెలిసేలోపే ఈ దశ దాటిపోతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని గర్భధారణకు ముందు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున తీసుకోమనడం అందుకే. అంతకుముందు ఇలాంటి లోపమున్న గర్భం దాల్చిన స్త్రీలలో ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆమ్లం దాన్ని మళ్లీ రాకుండా చాలావరకు అడ్డుకుంటుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్షలో రుజువైంది.

నాలుగో వారంలో నాళం ముందు కొస మూడు ఉబ్బులుగా విడివడుతుంది: ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడు. అయిదో వారంలో మొదటిది, మూడోది మళ్లీ రెండేసిగా చీలుతాయి. ముందు మెదడు నుంచి రెండు మస్తిష్కార్ధ గోళాలు, థాలమస్, హైపోథాలమస్ వస్తాయి. కంటి రెటీనా కూడా దీని గోడ నుంచి మొలిచినదే. వెనుక మెదడు నుంచి పాన్స్, చిన్న మెదడు, శ్వాసను నియంత్రించే మజ్జాముఖం ఏర్పడతాయి. నాళం లోపలి ఖాళీ నాలుగు కోష్ఠకాలుగా మిగిలిపోతుంది. పెద్దవారిలో రోజుకు సుమారు అర లీటరు మస్తిష్క మేరు ద్రవం ప్రధానంగా వీటిలోనే ఊరుతుంది.

మస్తిష్క వల్కలంలోని చాలా న్యూరాన్లు కోష్ఠకాల గోడ దగ్గర పుట్టి బయటి వైపు ప్రయాణిస్తాయి. వెనక పుట్టినవి ముందువాటిని దాటుకుని ఇంకా పై పొరలకు చేరతాయి. అయిదో నెల వరకు దాదాపు నునుపుగా ఉండే మస్తిష్క ఉపరితలం ఆ తర్వాత వేగంగా ముడతలు పడుతుంది. పూర్తిగా ఎదిగిన మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో అధిక భాగం ఉండేది మాత్రం పెద్ద మెదడులో కాదు, చిన్న మెదడులో.

పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవారి మెదడులో పావు వంతుకు కాస్త ఎక్కువ. నాడీ తంతువులకు మైలిన్ తొడుగు ఏర్పడటం గర్భంలోనే మొదలై ఇరవైల వయసు దాకా సాగుతుంది. నుదుటి లంబికలో అది అన్నిటికన్నా ఆలస్యంగా ముగుస్తుంది.