దుబాసి
ఈమధ్య ఒక కంప్యూటర్ పాఠంలో ‘ఇంటర్‌ప్రెటర్’ను ‘వ్యాఖ్యాత’ అన్నారు. వ్యాఖ్యాత అంటే కాళిదాసు కావ్యాలకు అర్థం విప్పిన మల్లినాథ సూరి లాంటివాడు. ఒకరి మాటను ఇంకొకరికి వాళ్ల భాషలో అందించేవాడికి మనకు ఎప్పటినుంచో ‘దుబాసి’ అనే మాట ఉంది. సంస్కృత ‘ద్విభాషి’ హిందుస్తానీ ‘దోభాషీ’ మీదుగా నలిగి ఇలా అయింది. ‘దుభాషి’ అని రాస్తే దుర్భాష గుర్తొస్తుంది, అందుకే నాకు దుబాసే ఇష్టం. కంపెనీ రోజుల మద్రాసులో దుబాసి మాటలతో ఆగలేదు, బేరాలూ అప్పులూ కూడా చక్కబెట్టాడు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే దొరకు ఆనందరంగ పిళ్లై అలాంటివాడే.  ఇక కంప్యూటర్ ఇంటర్‌ప్రెటర్ సంగతికి వస్తే, 1993లో బ్రెజిల్‌లోని రియోలో పుట్టిన లువా అనే ప్రోగ్రామింగ్ భాషను చూడండి. సీ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో ఇమిడిపోయేలా కట్టిన ఇంటర్‌ప్రెటర్ అది. లువా స్క్రిప్టు సీలో రాసిన ఫంక్షన్‌ను పిలిస్తే ఇద్దరి మధ్యా ఒక స్టాక్ ఉంటుంది. లువా ఇచ్చిన విలువలు అందులో వరసగా చేరతాయి. సీ ఫంక్షన్ 1వ స్థానంలో ఉన్నది సంఖ్యేనా అని చూసి, లెక్క కట్టి, ఫలితాన్ని స్టాక్ పైన పెట్టి, ఎన్ని ఫలితాలో చెబుతుంది. మూడు పెట్టి 2 అని చెబితే పైన ఉన్న రెండే లువాకు అందుతాయి. ఇక్కడ వ్యాఖ్యానం ఎక్కడా లేదు. ఇచ్చిపుచ్చుకోవడం, లెక్క అప్పజెప్పడం, అచ్చంగా దుబాసి పనే. పాఠాలు రాసేవాళ్లు ఈ మాటను మళ్లీ వాడుకలోకి తేవాలి.