నోకియా ఎన్900: మైడాక్స్ పార్టిషన్ చెడిపోవడం

నోకియా 2009లో విడుదల చేసిన ఎన్900 ఫోను లినక్స్ ఆధారిత మేమో 5తో నడుస్తుంది. దాని 32 జీబీ నిల్వలో అధికభాగం మైడాక్స్ అనే ఫ్యాట్ పార్టిషనే. ఫొటోలు, పాటలు చేరేది అందులోకి. ఏ కంప్యూటరైనా చదవగలిగే పద్ధతి ఫ్యాట్. చిక్కల్లా, హోమ్ పార్టిషన్‌లోని ఎక్స్‌ట్3 ఫైల్ వ్యవస్థకు ఉన్న జర్నల్ దీనికి లేదు. చేయబోయే మార్పును ముందే రాసిపెట్టుకునే ఆ చిట్టా లేనందువల్ల, ఎజెక్ట్ చేయకుండా యూఎస్‌బీ కేబుల్ లాగేసినా, ఫైలు రాస్తుండగా బ్యాటరీ తీసేసినా ఏ ఫైలు ఎక్కడుందో చూపే పట్టికకూ ఫైళ్లకూ పొంతన తప్పవచ్చు.

అప్పుడు ఫొటో తీస్తే సేవ్ కాదు, పాత ఫైలు చెరగదు. నష్టం పెరగకుండా కెర్నల్ ఆ పార్టిషన్‌ను రీడ్ ఓన్లీగా మార్చేస్తుంది. వెంటనే ఫార్మాట్ కొట్టడం తొందరపాటు. ముందు అందినంతవరకు ఫైళ్లను వేరేచోటికి కాపీ చేసుకోవాలి. తర్వాత ఫోనును మాస్ స్టోరేజ్ మోడ్‌లో లినక్స్ కంప్యూటరుకు తగిలించి, పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేశాకే ఫైల్ వ్యవస్థలోని తప్పులను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపాలి. మౌంట్ అయి ఉండగా నడిపితే ఉన్నదీ పోవచ్చు. తెగిపోయిన ముక్కలు ఎఫ్‌ఎస్‌సీకే0000 వంటి పేర్లతో మిగులుతాయి. వాటిని చెరిపేముందు తెరిచి చూడండి, పోయిందనుకున్న ఫొటో అందులో ఉండవచ్చు. మరమ్మతు తర్వాతా అవే తప్పులు వస్తుంటే ఫ్లాష్ చిప్‌నే అనుమానించాలి.